ఈఎమ్ఐ కాకుండా కారుకి ఏడాదికి నిజంగా ఎంతవుతుంది? మీ లెక్కలు చెప్పండి

నిజాంపేట_వాసి:

అందరికీ నమస్తే. మా ఇంట్లో మూడు నెలలుగా కారు మాటే. కొనాలని నాకుంది, మా ఆవిడకి భయంగా ఉంది, ఆ భయం ఊరికే పడుతోందని కూడా నేను అనలేను. అందుకే ఇక్కడ అడుగుతున్నా.

మేం ఐదుగురం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, అమ్మ. నిజాంపేటలో అద్దెకుంటాం. ఆఫీసు గచ్చిబౌలిలో, వారానికి రెండు రోజులు వెళ్తే చాలు. సొంతూరు గుడివాడ దగ్గర, ఏడాదికి ఐదారు సార్లు వెళ్లక తప్పదు. అమ్మకి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. పోయిన దసరాకి ఊరెళ్తుంటే బస్సు మెట్లు ఎక్కలేక మియాపూర్‌లో రోడ్డు పక్కనే కూర్చుండిపోయింది, ఎవరో ఇద్దరు కుర్రాళ్లు వచ్చి చెరో చెయ్యి పట్టుకుని ఎక్కించారు. ఆ రోజు నుంచి నా మనసు మనసులో లేదు.

చేతికొచ్చే జీతం 82 వేలు. అద్దె 19 వేలు. పిల్లల ఫీజులు ఏడాదికి లక్షా 60 వేలు. చూసింది స్విఫ్ట్ పెట్రోలు, ఆన్‌రోడ్ 8 లక్షల లోపు వస్తోంది. లక్ష మేం పెట్టి 7 లక్షలు లోన్ తీసుకుంటే, 9 శాతం వడ్డీ మీద ఐదేళ్లకి నెలకు 14,500 అన్నారు. షోరూమ్‌లో ఎవర్ని కదిపినా ఈఎమ్ఐ గురించి, మైలేజ్ గురించి గంటసేపు చెప్తున్నారు గానీ తక్కిన ఖర్చులు అడిగితే "మెయింటెనెన్స్ చాలా తక్కువ సర్" అని ఒక్క ముక్కతో సరిపెడుతున్నారు. తక్కువంటే ఎంత? ఏ నెలలో ఏం పడుతుంది? కొని కొన్నేళ్లు నడిపినవాళ్లు అసలు అంకెలు చెప్తే మా ఆవిడతో కలిసి కూర్చుని చూసుకుంటాం.

వాగన్ఆర్_2019:

అన్నా, నేను బండి కొన్న రోజు నుంచి చిన్న నోట్‌బుక్ ఒకటి డాష్‌బోర్డులోనే పెట్టుకున్నా, పంక్చర్ వేయించినా రాస్తా. 2019లో వాగన్ఆర్ 1.0 కొన్నా, ఆన్‌రోడ్ 5 లక్షల 60 వేలు పడింది. హైదరాబాద్‌లోనే ఉంటా, ఏడాదికి కొంచెం అటూ ఇటూగా 9,000 కిలోమీటర్లు తిరుగుతా. నువ్వు చెప్పిందాన్ని బట్టి చూస్తే నీకూ అంతే అవుతుంది. గుడివాడ రానూ పోనూ 640 వేసుకో, ఆరుసార్లకి 3,800 పైన, ఆఫీసుకి ఇంకో 2,900, మిగతాది ఆసుపత్రి, చుట్టాలిళ్లు, ఆదివారాలు.

ఆరో ఏడు నోట్‌బుక్‌లో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా. సిటీలో, హైవేలో కలిపి లీటరుకి 16 ఇస్తుంది, లీటరు 107 చొప్పున పెట్రోలుకి 60 వేలు. ఇన్సూరెన్స్ 9,200. సర్వీసింగ్ 7 వేలు. కారు తుడిచే అబ్బాయికి నెలకు 500, అంటే 6 వేలు. టోల్ 3 వేలు. పంక్చర్లు, అలైన్‌మెంటు, మాల్స్‌లో పార్కింగు, ఒక చలానా, పొల్యూషన్ సర్టిఫికెట్ అన్నీ కలిపి ఇంకో 4 వేలు. ఇవి ఏటా ఉండేవి.

ఇవి కాక, ఏటా కనిపించకుండా ఒక్కసారిగా మీద పడేవి ఉంటాయి, మనల్ని ఇబ్బంది పెట్టేవి అవే. నాలుగో ఏడు బ్యాటరీ పోయింది, 4,800. ఆ మరుసటి ఏడు 42 వేల కిలోమీటర్ల దగ్గర టైర్లు నాలుగూ మార్చా, 15 వేలు. ఆ టైర్లు మార్చిన నెలలోనే ఇన్సూరెన్స్ రెన్యువలూ వచ్చింది, సర్వీసూ వచ్చింది, పాప స్కూలు ఫీజూ అప్పుడే కట్టాలి. ఆ నెల క్రెడిట్ కార్డు మీద గడిపా, ఆ బాకీ తీరడానికి నాలుగు నెలలు పట్టింది. ఖర్చు పెద్దదని కాదు, దానికంటూ డబ్బు పక్కన పెట్టుకోలేదు, అదీ బాధ. అందుకే టైర్లూ బ్యాటరీ కలిపి ఏడాదికి 4 వేలని ఇప్పుడు ముందే రాసుకుంటున్నా.

మొత్తం 93 వేలు తేలిందా? ఇంకోటి ఉంది. బండి విలువ తగ్గడం. మొన్న రెండు చోట్ల అడిగితే నా బండికి 3 లక్షల 30 వేలు ఇస్తామన్నారు. అంటే ఆరేళ్లలో 2 లక్షల 30 వేలు కరిగిపోయాయి, ఏడాదికి 38 వేలు. జేబులోంచి తీసి ఇచ్చేది కాదు కాబట్టి మనకి కనపడదు గానీ అదీ ఖర్చే. కలిపితే ఏడాదికి లక్షా 31 వేలు, కిలోమీటరుకి 14 రూపాయల 50 పైసలు. ఇందులో పెట్రోలు వాటా సగం కూడా లేదు చూడు. మనమందరం మైలేజ్ మైలేజ్ అని కొట్టుకుంటాం, తీరా చూస్తే డబ్బు పోయేది వేరే దారుల్లో.

నీ లోన్‌లో మొదటి ఏడాది వడ్డీ ఒక్కటే 58 వేలు అవుతుంది, అది వేసుకున్నావా? ఐదేళ్లకి కలిపి వడ్డీ లక్షా 70 వేలు దాటుతుంది.

సర్వీసింగ్ గురించి ఒక మాట. మొదటి మూడు సర్వీసులు ఫ్రీ అంటారు, ఫ్రీ అంటే కూలి మాత్రమే, ఆయిలు, ఫిల్టరు మనమే కట్టాలి. తర్వాత బండి ఇచ్చిన ప్రతిసారీ ఏదో ట్రీట్‌మెంట్, ఏదో కోటింగ్ అని ఫోన్ చేసి 3 వేలు, 4 వేలు కలుపుతామంటారు. బండితో వచ్చిన పుస్తకంలో ఏ కిలోమీటర్లకి ఏం మార్చాలో స్పష్టంగా ఉంటుంది, అందులో లేనిది వద్దని చెప్పేయ్. వద్దంటే వాళ్లేమీ అనుకోరు.

బెజవాడ_సింగ్‌నగర్:

పై తమ్ముడు లెక్క చక్కగా చెప్పాడు. నేను ఇన్సూరెన్స్ గురించి మాత్రమే చెప్తాను, ఎందుకంటే దాని విలువ నాకు చాలా కష్టంగా తెలిసొచ్చింది.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి మా సింగ్‌నగర్ మునిగినప్పుడు మా అపార్ట్‌మెంట్ కింద తొమ్మిది కార్లున్నాయి. తెల్లవారేసరికి పైకప్పులు కూడా కనపడలేదు. మా వీధిలో వారం దాటినా నీళ్లు పూర్తిగా తీయలేదు. నాది 2013 బండి. పాతదయింది కదా, ఏటా ఆరు వేలు ఎందుకు దండగ అని ముందు ఏడే ఫుల్ ఇన్సూరెన్స్ మానేసి థర్డ్ పార్టీ ఒక్కటే కట్టాను. థర్డ్ పార్టీ అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగిన నష్టానికే, మన బండికి రూపాయి రాదు. పాత సామాన్ల వాడికి ఇచ్చేశాను. అందులో మా నాన్నని ఆఖరిసారి ఆసుపత్రికి తీసుకెళ్లాను, ఆ బండిని అలా లాక్కెళ్తుంటే చూడలేకపోయాను.

మా పక్క ఫ్లాట్ ఆయనకి ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది. కానీ నీళ్లు తగ్గిన రోజు ఆత్రంగా కిందికి దిగి తాళం తిప్పి స్టార్ట్ చేశాడు. ఇంజిన్ నీళ్లు పీల్చి లోపల పాడైపోయింది. ఇంజిన్ ప్రొటెక్షన్ కవర్ తీసుకోలేదు కాబట్టి సీట్లకి, వైరింగుకి డబ్బులిచ్చారు, ఇంజిన్‌కి ఇవ్వమన్నారు. పై అంతస్తు వాళ్లు మాత్రం ఆ కవర్ ఉన్నా కూడా బండిని ముట్టుకోలేదు, ఫొటోలు తీసి, ఫోన్ చేసి, టో చేయించి షెడ్డుకి పంపారు. వాళ్లకి పూర్తిగా వచ్చింది. నీళ్లలో మునిగిన బండిని స్టార్ట్ చెయ్యకూడదు, ఇది ఇంట్లో అందరికీ చెప్పి పెట్టండి.

బాబూ, నువ్వు కొత్త బండి కొంటే థర్డ్ పార్టీ మూడేళ్లకి ఒకేసారి కట్టించుకుంటారు, అది చట్టం. 1000 సీసీ దాటి 1500 లోపు ఇంజిన్‌కి మూడేళ్లకి 10,640, పైన జీఎస్టీ. స్విఫ్ట్ అందులోకే వస్తుంది. వాగన్ఆర్ 1.0 లాంటి చిన్న ఇంజిన్‌కి అది 6,521. కాబట్టి రెండో ఏడు, మూడో ఏడు ఓన్ డ్యామేజ్, అంటే మన బండికి జరిగే నష్టానికి కట్టేది, ఒక్కటే రెన్యువల్ చేయించుకో, తెలియక మళ్లీ రెండూ కట్టేవాళ్లని చూశాను. మొదటి ఐదేళ్లు జీరో డెప్ (సామాను పాతబడిందని కోత పెట్టకుండా ఇచ్చే కవర్) వదలొద్దు. అది లేకపోతే బంపర్ లాంటి ప్లాస్టిక్ సామాను మారిస్తే సగం మన జేబులోంచే పోతుంది, మన రోడ్ల మీద ముందు తగిలేదే బంపర్. క్లెయిమ్ చెయ్యకపోతే ఎన్‌సీబీ, అంటే ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, 20 శాతంతో మొదలై ఐదేళ్లకి 50 దాకా వెళ్తుంది, అందుకని రెండు మూడు వేల గీతలకి క్లెయిమ్ పెట్టకు. గడువు దాటి 90 రోజుల్లోపు కట్టకపోతే కూడబెట్టుకున్న ఎన్‌సీబీ అంతా పోతుంది, ఆ తేదీ ఫోన్‌లో పెట్టుకో. షోరూమ్‌లో ఇచ్చే ఇన్సూరెన్సే తీసుకోవాలని రూలేమీ లేదు, బయట రెండు చోట్ల అడిగి, అవే కవర్లు, అదే ఐడీవీ (బండికి వాళ్లు కట్టిన విలువ) ఉందో లేదో చూసి పోల్చుకో. ప్రీమియం తగ్గించడానికి ఐడీవీ తగ్గించి చూపిస్తారు, అక్కడ మోసపోవద్దు. బండి పూర్తిగా పోతే వచ్చేది ఆ ఐడీవీయే.

కూకట్‌పల్లి_అక్క:

నేను కారు అమ్మేసినదాన్ని, నా వైపు కూడా వినండి. మేం ఇద్దరమే, పిల్లాడు చదువుకి బయట ఉన్నాడు. నేను మెట్రోలో వెళ్తా, ఆయన స్కూటర్ మీద వెళ్తారు. కారు ఏడాదికి 3,500 కిలోమీటర్లు తిరిగితే గొప్ప. తిరగకపోతే ఖర్చు ఉండదని అనుకున్నాం. పెట్రోలు 27 వేలే అయింది, కానీ ఇన్సూరెన్స్ 14 వేలు, సర్వీసు 6 వేలు, తుడిచినందుకు 6 వేలు, విలువ తగ్గడం 45 వేలు. ఇవేవీ మనం తిరిగామా లేదా అని చూడవు. కిలోమీటరుకి 28 రూపాయలు పడింది. పైగా వానాకాలంలో సెల్లార్‌లో నెల రోజులు కదలకుండా ఉంచితే బ్యాటరీ దిగిపోయింది, ఎలకలు వైర్లు కొరికేశాయి, ఆ వైరింగుకి 11 వేలు అయింది. ఇప్పుడు కావాల్సినప్పుడు క్యాబ్ పిలుస్తాం, ఊరికి రైల్లో వెళ్తాం, దూరం ప్రయాణాలకి డ్రైవర్‌తో సహా బండి మాట్లాడుకుంటాం. ఏడాది మొత్తం కలిపి 48 వేలు అయింది.

కానీ తమ్ముడూ, మీ అమ్మగారి విషయం వేరు. మా అత్తగారు బతికున్నన్నాళ్లూ ఆ కారు లేకపోతే మేం ఏమైపోయేవాళ్లమో. రాత్రి పన్నెండింటికి ఆయాసం వస్తే క్యాబ్ వాళ్లు క్యాన్సిల్ చేస్తూ పోతుంటే మన చేతిలో తాళం ఉండటం వేరు. అందుకని కొనొద్దు అనను. ఎంత తిరుగుతారో ముందు నిజాయితీగా రాసుకోండి. 9,000 కిలోమీటర్లు నిజంగా తిరిగితే కొనండి. కొన్న ఉత్సాహంలో మొదటి ఆరు నెలలు తిరిగి తర్వాత పార్కింగ్‌లో పెట్టేవాళ్లే మా అపార్ట్‌మెంట్‌లో సగం మంది.

నిజాంపేట_వాసి:

చాలా చాలా థ్యాంక్స్ అండీ. రాత్రి మా ఆవిడకి మొత్తం చదివి వినిపించా. విలువ తగ్గడం అనేది నేను లెక్కలోకే తీసుకోలేదు. కూర్చుని రాసుకున్నాం. స్విఫ్ట్ లీటరుకి 18 ఇస్తుందనుకుంటే పెట్రోలుకి 53 వేల చిల్లర, మిగతావి ఒక 36 వేలు, మొత్తం 90 వేలు. నెలకు 7,500. ఈఎమ్ఐ కలిపితే 22 వేలు. 82లో అద్దె 19, ఫీజులకి నెలకు 13, కారుకి 22 తీసేస్తే 28 వేలు మిగులుతుంది. అందులోనే ఐదుగురి తిండి, కరెంటు, అమ్మ మందులు. ఈ 28 అనే అంకె కాగితం మీద చూశాక మా ఆవిడ ఏమీ అనలేదు, నాకే గొంతు దాకా వచ్చింది. ఇప్పుడు టెన్షన్ ఇంకా పెరిగింది.

గ్యాస్‌తో నడిచే సీఎన్‌జీ బండి తీసుకుంటే తగ్గుతుందా? టోల్‌కి ఏడాది పాస్ అంటున్నారు, అది మాకు పనికొస్తుందా?

వాగన్ఆర్_2019:

పాస్ సంగతి చెప్తా. 2025లో అది మొదలైనప్పుడు 3,000 పెట్టారు, కడితే ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. విజయవాడ రోడ్డు మీద పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, కీసర, ఒక్కో గేటు ఒక్కో ట్రిప్పు. రానూ పోనూ ఎనిమిది. ఆరుసార్లకి 48. అంటే 200 వాడే అవసరం నీకు రాదు, అయినా నా లెక్కలో ఆరుసార్లు వెళ్తే కొంత మిగులుతుంది, నాలుగు సార్ల లోపైతే మామూలు ఫాస్టాగే మేలు. నేషనల్ హైవేలకి మాత్రమే అది, మన అవుటర్ రింగ్ రోడ్డు మీద చెల్లదు, అక్కడ మామూలుగానే కట్ అవుతుంది.

సీఎన్‌జీ వాడేవాళ్లెవరైనా చెప్పండి.

ఉప్పల్_సీఎన్‌జీ:

మూడేళ్లుగా నడుపుతున్నా. రోజూ 50 కిలోమీటర్లు తిరిగేవాడికి లాభం, కిలోమీటరుకి పెట్రోలు కంటే రెండు రూపాయల పైన మిగులుతుంది. మీలా ఏడాదికి 9,000 తిరిగితే బండికి అదనంగా పెట్టిన 90 వేలు తిరిగి రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది. డిక్కీలో సిలిండర్ ఉంటే ఐదుగురి సామాను ఎక్కడ పెడతారు, పైగా మూడేళ్లకోసారి సిలిండర్‌కి టెస్టింగ్ చేయించాలి, పొద్దున లైన్లో నిలబడాలి. మీకు వద్దు.

హన్మకొండ_మాస్టారు:

నిజాంపేట తమ్ముడికి, నేను స్కూల్లో పనిచేస్తా, నా జీతం నీకంటే తక్కువే, అయినా పదకొండేళ్లుగా కారు ఉంది. రెండు బండ్లు మార్చా, రెండూ సెకండ్ హ్యాండే. కొత్త బండి విలువ బాగా పడిపోయేది మొదటి మూడు నాలుగేళ్లలో, ఆ దెబ్బ మొదటి ఓనర్ తింటాడు. నాలుగైదేళ్ల బండి 4 లక్షల్లో దొరుకుతుంది. లక్ష మీ దగ్గరుంది. 3 లక్షలు లోన్, పాత బండి కాబట్టి వడ్డీ ఎక్కువ, 12 శాతమే వేసుకుందాం, నాలుగేళ్లకి నెలకు 7,900. నడిపే ఖర్చు అదే 7,500 వేసుకో, పాత బండి కదా ఒక వెయ్యి కలుపు. 16,400. నీ 22 వేలకీ దీనికీ నెలకు ఐదున్నర వేలు తేడా. అమ్మగారికి డోరు ఎత్తు, సీటు ఎత్తు ముఖ్యం, కొత్తదా పాతదా అన్నది కాదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు స్విఫ్ట్‌లోకి వంగి దిగాలి, వాగన్ఆర్‌లోకి అయితే కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోవచ్చు. కొనే ముందు అమ్మగారిని తీసుకెళ్లి రెండింట్లో ఎక్కించి దించి చూడు. ఈ ఒక్క పని షోరూమ్‌లో ఎవరూ చెప్పరు.

పాత బండి తీసుకుంటే మాత్రం తెలిసిన మెకానిక్‌ని వెంట పెట్టుకుని వెళ్లు, ఆయనకి వెయ్యి ఇచ్చినా నష్టం లేదు. సర్వీస్ చరిత్ర మొత్తం తెప్పించుకో. ఆర్‌సీ నీ పేరు మీదకి మారేదాకా పూర్తి డబ్బు ఇవ్వకు. ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లో నీ పేరు మీదకి మార్పించుకోవాలి. అమ్మినాయన ఎన్‌సీబీ ఆయనతోనే పోతుంది, బండితో రాదు, కాబట్టి ఆయన కట్టిన ప్రీమియం చూసి నీకూ అంతే పడుతుందనుకోవద్దు. ఇంకా, పదిహేనేళ్ల దగ్గరపడిన బండి జోలికి వెళ్లకు, రిజిస్ట్రేషన్ రెన్యువల్, ఫిట్‌నెస్ అన్నీ నీ నెత్తిన పడతాయి.

బెజవాడ_సింగ్‌నగర్:

మాస్టారు చెప్పినదానికి ఒకటి కలుపుతా. వరదలో మునిగిన బండ్లు బాగుచేసి, మెరుగుపెట్టి ఎక్కడో ఒక చోట అమ్మకానికి పెడతారు. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడు, లోపలి భాగంలో బురద చార ఉంటుంది. సీటు కింద పట్టాలు, బోల్టులు తుప్పు పట్టాయేమో వేలు పెట్టి చూడు. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంటలో చూడు. కార్పెట్ అంచు లేపి వాసన చూడు. అద్దాలు మూసి ఏసీ వేసుకుని పది నిమిషాలు లోపల కూర్చో, తేమ వాసన దాగదు.

నిజాంపేట_వాసి:

మాస్టారు గారూ, మీరు చెప్పినట్టు ఈ ఆదివారం అమ్మని తీసుకెళ్లా. స్విఫ్ట్‌లో కూర్చోగలిగింది గానీ దిగేటప్పుడు నా భుజం పట్టుకుని రెండుసార్లు ప్రయత్నించింది. వాగన్ఆర్‌లోంచి తనంతట తానే దిగింది. దిగి, "ఇదెంతరా" అని అడిగింది. మూడు నెలల చర్చ అక్కడే అయిపోయింది.

పాతదే చూస్తున్నాం, నాలుగేళ్ల లోపుది. అయితే వెంటనే కొనడం లేదు. మా ఆవిడ ఒక మాట చెప్పింది, నాకూ నచ్చింది. ఈ నెల నుంచి జీతం పడగానే 16,400 వేరే అకౌంట్‌లో వేసేస్తాం, కారు ఉన్నట్టే. నాలుగు నెలలు ఆ డబ్బు ముట్టకుండా ఇల్లు నడిస్తే అప్పుడు కొంటాం, చేతిలో ఇంకో 65 వేలు ఉంటాయి కాబట్టి లోన్ కూడా తగ్గుతుంది. నడవకపోతే కూకట్‌పల్లి అక్క చెప్పినట్టు ఊరికి బండి మాట్లాడుకుంటాం. ఒక్కటే అడగాలి, ఎలకల గురించి. మా సెల్లార్‌లో కూడా ఉన్నాయి, ఏం చేయాలి?

కూకట్‌పల్లి_అక్క:

కారులో తినేవి ఏవీ వదలొద్దు, పిల్లల బిస్కెట్ పొడి కూడా. చెత్త డబ్బాల పక్కన పార్క్ చేయకండి. వారానికి రెండుసార్లైనా బండి తీసి తిప్పండి, కదలని బండిలోనే గూడు పెడతాయి. రాత్రిపూట బానెట్ ఎత్తి ఉంచితే లోపలికి రావని మా వాచ్‌మన్ చెప్పాడు, మా పక్కింటివాళ్లు రెండేళ్లుగా అలాగే చేస్తున్నారు, వాళ్ల బండి బాగానే ఉంది. పొద్దున స్టార్ట్ చేసే ముందు బానెట్ మీద చేత్తో రెండు దెబ్బలు కొట్టండి, లోపల పిల్లి పడుకుని ఉన్నా బయటికి వచ్చేస్తుంది.